పటిక, సున్నం, నల్లగొండ: ఒక పద్ధతి ఎందుకు పుట్టింది, ఎందుకు నిలవలేదు

నీళ్ల లోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతిని టాంజానియా, ఇథియోపియా ఇంజినీర్లు కూడా 'నల్గొండ టెక్నిక్' అనే పిలుస్తారు. 1970ల నడుమ నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దాన్ని రూపొందించి, ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయే జబ్బు) ఎక్కువగా ఉన్న జిల్లా పేరే పెట్టారు. మర్రిగూడ, మునుగోడు, నారాయణపూర్ వైపు మాత్రం చివరికి ఊరట ఇచ్చింది ఆ పద్ధతి కాదు, కృష్ణా నీళ్లు.

జబ్బు సంగతి ముందు బయటపడింది మద్రాసు ప్రెసిడెన్సీలో. నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన మనుషులను పరిశీలించి, 1937లో వైద్య పరిశోధకుడు షార్ట్ బృందం అది ఫ్లోరోసిస్ అని తేల్చింది. నల్లగొండ రోగుల గురించి ఎ.హెచ్. సిద్దిఖీ 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అప్పటిదాకా ఊళ్లో గార పళ్లంటే గార పళ్లే, వంగిన నడుమంటే వాతమే.

తప్పంతా కింది రాయిది. ఇక్కడి గ్రానైట్‌లో ఫ్లోరైట్, అపటైట్, బయోటైట్ ఖనిజాలున్నాయి. నీళ్లలో కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. కానీ కరువు నేలలో కాల్షియం సుద్దగా మారి మట్టిలోనే ఆగిపోతుంది. సోడియం, బైకార్బనేట్ మిగిలిన క్షార నీళ్లలో ఫ్లోరైడ్ సులువుగా కరుగుతుంది. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దారి లేనప్పుడు 1.5. కాచితే పోతుందనుకోవడం పొరపాటు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఫ్లోరైడ్ చిక్కనవుతుంది.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టుకున్న సంగతి ఇంకా విచిత్రం. నడిచేటప్పుడు మోకాళ్లు రెండూ ఒరుసుకునేలా ఎదిగే పిల్లల కాళ్లు వంకర తిరుగుతున్నాయని కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. ఆ పల్లెల జొన్నల్లో మాలిబ్డినం అనే లోహం ఎక్కువని తర్వాతి పరీక్షల్లో తేలింది. నాగార్జునసాగర్ కట్టాక ఊటనీరు పైకొచ్చి నేలలో క్షారం పెరిగిందనీ, దాంతో పంట మాలిబ్డినం ఎక్కువగా పీల్చిందనీ, అది ఒంట్లో రాగిని తగ్గించి ఫ్లోరైడ్ దెబ్బను పెంచిందనీ వాళ్ల వివరణ. నీళ్లతోపాటు కంచంలోని జొన్న గటకనూ లెక్కలోకి తెచ్చిన పరిశోధన అది. అదే సంస్థ 2002లో మరో సంగతి చెప్పింది: మగపిల్లలకు రోజూ 10 గ్రాముల చింతపండు 18 రోజులు పెడితే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయింది. పచ్చిపులుసు మందని కాదు గానీ, కొట్టిపారేసే సంగతీ కాదు.

ఇక నీరీ పద్ధతి. ఇంట్లో చేయాలంటే 40 లీటర్ల బకెట్, దాని అడుగుకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్లు పైన నల్లా. ముందు సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి, తర్వాత పటిక ద్రావణం పోయాలి. ఒక నిమిషం వడివడిగా, ఆపైన అయిదు నిమిషాలు మెల్లగా తిప్పాలి. మెల్లగా తిప్పేటప్పుడే దూదిపింజల్లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ తెట్టెలు కట్టి ఫ్లోరైడ్‌ను పట్టుకుంటాయి. అప్పుడు తొందరపడి గట్టిగా తిప్పితే అవి విరిగి, అడుక్కి దిగవు. గంట తేరనిచ్చి పైనీళ్లు వాడుకోవాలి. లీటరుకు 500 మిల్లీగ్రాముల పటిక పట్టే నీళ్లయితే బకెట్‌కు 20 గ్రాములు కావాలి, సున్నం దానిలో ఇరవయ్యో వంతు, అంటే ఒక గ్రాము.

చిక్కంతా ఆ 'పట్టే' దగ్గరే. ఎంత పటిక కావాలో ఫ్లోరైడ్ ఒక్కటే తేల్చదు, నీళ్ల క్షారత కూడా తేలుస్తుంది. అందుకే బోరు బోరుకూ మోతాదు మారుతుంది, ఒకే బోరులో ఎండకాలానికీ వానకాలానికీ కూడా మారుతుంది. తక్కువేస్తే ఫ్లోరైడ్ మిగిలిపోతుంది. ఎక్కువేస్తే నీళ్లలో ఆమ్లత్వం పెరిగి అల్యూమినియం కరిగి కలుస్తుంది. సరిగ్గా వేసినా సల్ఫేట్ పెరిగి రుచి మారుతుంది. అడుగున మిగిలిన బురదను బాయి పక్కనే పారబోస్తే, అందులోని ఫ్లోరైడ్ మళ్లీ నేలలోకి దిగొచ్చు. కూలికి పోయే ఇల్లాలు పొద్దున్నే గ్రాములు తూచి, గంటసేపు కాచుకొని కూర్చోవాలన్నది ప్రయోగశాలలో కూర్చొని వేసిన లెక్క.

1996 లోక్‌సభ ఎన్నికల్లో, ఫ్లోరైడ్ లేని నీళ్ల కోసం పోరాడే జలసాధన సమితి పిలుపుతో నల్లగొండ నుంచి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ పుస్తకమంత అయింది, పోలింగ్ వాయిదా పడింది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌కు 2015లో చౌటుప్పల్‌లో శంకుస్థాపన జరిగింది.

పైపు నీళ్లొచ్చినంత మాత్రాన బోరులో ఫ్లోరైడ్ పోలేదు, వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. నల్లా రాని రోజుల్లో బోరు నీళ్లే తాగేవాళ్లు వాటిని పరీక్షకు పంపేటప్పుడు ప్లాస్టిక్ సీసాలోనే పంపాలి. పటికతో తేర్చిన నీళ్లయితే ఆ మాట ముందే చెప్పాలి. మిగిలిన అల్యూమినియం ఫ్లోరైడ్‌ను కట్టిపడేయడం వల్ల రంగు మారే మామూలు పరీక్షలో అంకె తక్కువగా కనబడే ప్రమాదముంది. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేచోట ఆ కట్టు విప్పే బఫర్ ద్రావణం కలిపి కొలుస్తారు.