డ్రైవర్ లేని కారు, బడి గేటు

ప్రియమైన పిల్లలకు,

డ్రైవర్ లేని కారుకు రోడ్డు ఎలా కనిపిస్తుందో ముందు చెబుతాను. దానికి మూడు రకాల కళ్లుంటాయి. కెమెరా సిగ్నల్ రంగును, బోర్డు మీది రాతను పట్టుకుంటుంది. ఎండ ఎదురుగా కొడితే తడబడుతుంది. రాడార్ వానలోనూ పొగమంచులోనూ పనిచేస్తుంది గానీ, ఎదుట ఉన్నదాని ఆకారం దానికి సరిగ్గా అందదు. లైడార్ లేజర్ కాంతిని వదిలి, అది తగిలి తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం లెక్కగడుతుంది. 30 మీటర్ల అవతలి గోడ దాకా వెళ్లి రావడానికి కాంతికి 200 నానోసెకన్లు చాలు. జోరువానలో చినుకులే ఆ కాంతిని వెనక్కి కొడతాయి. అందుకే చాలా బండ్లలో మూడూ కలిపి పెడతారు.

కనిపించినంత మాత్రాన అర్థమైనట్టు కాదు. 2018 మార్చిలో, అమెరికాలోని టెంపీ నగరంలో, రాత్రిపూట సైకిల్ నడిపించుకుంటూ రోడ్డు దాటుతున్న ఒకావిడను ఇలాంటి పరీక్షా వాహనం ఢీకొట్టింది. ఆవిడ చనిపోయింది. ఢీకొట్టడానికి 5.6 సెకన్ల ముందే సెన్సర్లు ఆవిడను పట్టాయని విచారణలో తేలింది. కానీ సాఫ్ట్‌వేర్ ఒకసారి వాహనం అంది, ఒకసారి ఇంకేదో అంది, మరోసారి సైకిల్ అంది. పేరు మార్చిన ప్రతిసారీ, అప్పటిదాకా ఆవిడ ఎటు కదిలిందో మర్చిపోయింది. ఎటు కదిలిందో తెలియకపోతే ఎటు వెళ్తుందో ఎలా తెలుస్తుంది? జీబ్రా గీతలు లేనిచోట కూడా మనిషి రోడ్డు దాటొచ్చన్న ఆలోచనే ఆ ప్రోగ్రాంలో లేదు. బండిని కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి చూపు కూడా రోడ్డు మీద లేదు. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

బ్రేకు సంగతి కూడా తెలుసుకోండి. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు 14 మీటర్లు కదులుతుంది. మనిషి చూసి బ్రేకు తొక్కేసరికి ఒకటిన్నర సెకను పడితే, అప్పటికే 21 మీటర్లు పోయినట్టే. కంప్యూటర్ ఇక్కడ చాలా మిగులుస్తుంది. అయితే బ్రేకు పడ్డాక పొడి రోడ్డు మీద కారు ఆగడానికి ఇంకో 14 మీటర్లు కావాలి, తడి రోడ్డైతే అంతకన్నా ఎక్కువ. ఎంత తెలివైన బండైనా టైరు పట్టును పెంచలేదు.

ఇక ఊళ్లో రద్దీ. నాన్న ఆఫీసు 10 కిలోమీటర్ల దూరం అనుకోండి. కారు అక్కడే ఆగితే రోజుకు 20 కిలోమీటర్లు. దింపేసి ఖాళీగా ఇంటికొచ్చి, సాయంత్రం మళ్లీ ఖాళీగా వెళ్లి తీసుకొస్తే 40. పార్కింగ్ చోటు మిగిలింది, రోడ్డు మీద బండి తిరగడం రెట్టింపైంది. నాకు బెంగ దీని గురించే.

మీ బడి గేటు దగ్గర ఐదు కార్లు ఆగే చోటుందనుకుందాం. కారుకొక్కరు చొప్పున వస్తూ, దిగి బ్యాగు తీసుకోవడానికి నిమిషం పడితే, గంట కొట్టేలోపు 15 నిమిషాల్లో దిగగలిగేది 75 మందే. మిగతా కార్లు వీధంతా బారులు తీరతాయి. అదే చోట ఎనిమిదేసి మందితో డ్రైవర్ లేని వ్యాన్లు వస్తే, ఒక్కోటి రెండు నిమిషాలు ఆగినా 280 మంది దిగుతారు.

మీ
తాతయ్య