సువార్త పాటల ఎఫ్‌ఎం వరంగల్‌కు ఎందుకు రాలేదు?

క్రిస్మస్ దగ్గర పడేసరికి ఈ మాట మళ్లీ లేచింది. ఇంతమంది విశ్వాసులున్న వరంగల్‌లో క్రైస్తవ పాటలకు ఒక సొంత రేడియో లేకపోవడమేంటని ఒక పక్షం అడుగుతోంది. తరంగాలు మతాలకు రాసిచ్చేవి కావని ఇంకో పక్షం అంటోంది. హన్మకొండకు బాప్టిస్టు మిషనరీలు రావడం, డోర్నకల్‌లో అజరయ్య బిషప్ గారి కాలం అందరికీ తెలిసిన కథే. అది పక్కన పెడదాం. ఇవాళ్టి గొడవ ముడి 2005లో ఒకటి, 2006లో ఒకటి వచ్చిన రెండు ప్రభుత్వ పత్రాల్లో ఉంది.

అంతకుముందు ఆ పాటకు ఇక్కడి లైసెన్సుతో పని లేదు, సముద్రం అవతలి నుంచి వచ్చేది కాబట్టి. క్రైస్తవ ప్రసార సంస్థ ఫెబా రేడియో 1970 నుంచి సీషెల్స్ దీవుల మీదుగా షార్ట్‌వేవ్‌లో వినిపించేది. అలాంటిదే ఇంకో సంస్థ, ట్రాన్స్ వరల్డ్ రేడియో, శ్రీలంకలోని పుత్తళం నుంచి 882 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. పొద్దుగూకినాక మా నాయనమ్మ రేడియోను కిటికీలో పెట్టి, ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ కూర్చునేది. పాట కాసేపు పక్కింట్లో పాడినట్టు వినపడి, అంతలోనే బావిలోకి దిగిపోయినట్టు పోయేది. పోయిన చరణాన్ని ఆమే అందుకుని పాడేది. 2003లో ఫెబా సీషెల్స్ కేంద్రం మూతపడింది.

2005 జూలైలో ప్రైవేటు కంపెనీలకు ఎఫ్‌ఎం లైసెన్సులిచ్చే రెండో దశ విధానం వచ్చింది. టెండర్లు పిలిచిన ఊళ్లలో వరంగల్ కూడా ఉంది. కానీ మతసంస్థ చేతిలో ఉన్న కంపెనీ గానీ, దానితో సంబంధమున్న కంపెనీ గానీ దరఖాస్తు చేయడానికి వీల్లేదని అందులో రాశారు. ఈ షరతు గుడికీ, మసీదుకీ, చర్చికీ ఒక్కటే. రెండో పక్షం ఎప్పుడూ చూపించేది ఈ కాగితాన్నే.

దాని తర్వాత, 2006 నవంబరులో, కమ్యూనిటీ రేడియో, అంటే లాభం చూసుకోకుండా ఊరివాళ్ల కోసం నడిపే చిన్న రేడియో, విధానం వచ్చింది. అసలు మలుపు ఇదేనని నా నమ్మకం. అంతవరకు విద్యాసంస్థలకే ఉన్న అవకాశం స్వచ్ఛంద సంస్థలకూ దక్కింది. అనర్హుల జాబితాలో వ్యక్తులు, రాజకీయ పార్టీలు, లాభం కోసం నడిచే సంస్థలు, నిషేధిత సంస్థలు ఉన్నాయి. మతసంస్థ అన్న మాట లేదు. మత కార్యక్రమాల గురించి చెప్పింది కూడా జాగ్రత్త గురించే: జనం భక్తిని సొమ్ము చేసుకోవద్దు, ఇతరుల నమ్మకాన్ని నొప్పించొద్దు. అంటే పాటను ఆపలేదు.

అయితే బరువైన షరతులు వేరే ఉన్నాయి. సంస్థ స్థానికంగా కనీసం మూడేళ్లు సేవ చేసి ఉండాలి. కార్యక్రమాల్లో సగమైనా ఊరివాళ్లతో కలిసి తయారు చేయాలి. ప్రసార శక్తి 100 వాట్లు. హన్మకొండలో టవర్ వేస్తే కాజీపేట, వరంగల్ కోట వరకు వినపడుతుందేమో గానీ డోర్నకల్‌కు అందదు. రోజంతా పాటలు, ప్రసంగాలే వేస్తామంటే కుదరదు. వడ్ల ధర, పిల్లల టీకాలు, మోరీల సంగతీ మాట్లాడాలి. ఇది మోయలేని బరువు కాదని జహీరాబాద్ దగ్గర మాచనూరులో దళిత మహిళలు 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలుపెట్టి చూపించారు.

తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పిన మాటను రెండో పక్షం గట్టిగా పట్టుకుంటుంది. ఆ తీర్పు అంతటితో ఆగలేదు. ప్రసారంపై గుత్తాధిపత్యం ప్రభుత్వానిదైనా, ప్రైవేటువాళ్లదైనా తగదని, భిన్న అభిప్రాయాలు జనానికి చేరాలని కూడా అన్నది. ఆ సగాన్ని ఎవరూ ఎత్తరు.

ఇంటర్నెట్ ఉండగా ఎఫ్‌ఎం ఎందుకన్న ప్రశ్న కొత్తగా వచ్చింది. 2012లో కాపీరైట్ చట్టంలో చేర్చిన 31డి సెక్షన్ కింద, నిర్ణయించిన రుసుము కట్టి, హక్కుదారును విడిగా ఒప్పించే పని లేకుండా రేడియో స్టేషన్ పాటలు వేసుకోవచ్చు. ఇంటర్నెట్‌కు అది వర్తించదని బాంబే హైకోర్టు 2019లో తేల్చింది, 2022లో డివిజన్ బెంచ్ కూడా అదే చెప్పింది. కాబట్టి యాప్‌లో స్టేషన్ నడిపే సంఘం ప్రతి పాటకూ హక్కుదారు గడప తొక్కాలి. చిన్న సంఘాలకు అదెంత టెన్షనో ఊహించుకోవచ్చు.

మా నాయనమ్మ చేతిలో ఉండేది కీప్యాడ్ ఫోన్. ఇయర్‌ఫోన్ వైరు గుచ్చితే ఎఫ్‌ఎం పలికేది, నెట్ ఉండేది కాదు. మొబైల్ షాపులో మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకొచ్చి ఇచ్చాం. మొదటి పాట మొదలవగానే రెండోది ఏదో చెప్పేసేది. "ఇవన్నీ నాకు తెలిసినవే కదరా, కొత్తది ఎప్పుడు వస్తది?" అని అడిగేది.