చేప చెవిలో పుట్టినరోజు

గాజువాక నుంచి ఇంటర్ చదివే ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. "మా నాన్నమ్మ గొరక తలకాయ పులుసు పెట్టింది సార్. తింటుంటే పంటికింద తెల్లటి రాయి తగిలింది. వెతికితే రెండోది కూడా దొరికింది. రెండూ అచ్చం ఒకేలా ఉన్నాయి. చేప రాళ్ళు మింగిందా?"

మింగలేదమ్మా. అవి దాని చెవిలోవి. కుడి చెవిది ఒకటి, ఎడమ చెవిది ఒకటి.

చేపకి బయటికి కనిపించే చెవి ఉండదు, లోపలి చెవి ఉంటుంది. అందులో మూడు జతల రాళ్ళుంటాయి. వీటిని ఓటోలిత్‌లు అంటారు. కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతాయి. చాలా చేపల్లో అన్నిటికంటే పెద్ద జత పేరు సాజిటా, నీకు దొరికింది అదే. చేప ఒళ్ళు దాదాపు నీళ్ళంత బరువే కాబట్టి శబ్దం వస్తే నీటితో పాటు చేప మొత్తం కదులుతుంది. రాయి మాత్రం బరువైనది, వెంటనే కదలదు, ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ తేడాకి దాని కిందున్న సన్నటి వెంట్రుకల కణాలు వంగుతాయి. చేపకి వినిపించడమంటే అదే. గొరకజాతి చేపలు ఒంట్లో ఉండే గాలితిత్తి మీద కండరాలతో డప్పు కొట్టినట్టు చప్పుడు చేసి ఒకదాన్నొకటి పిలుచుకుంటాయి. ఆ కుటుంబంలో చెవిరాళ్ళు బాగా పెద్దవి. వాటిలో ఒక ప్రజాతికి ఓటోలిథెస్ అని రాయి పేరే పెట్టేశారు.

ఇలాంటివి మన చెవిలోనూ ఉన్నాయి, కాకపోతే పొడిలా ఉంటాయి. అవి చోటు తప్పితే కళ్ళు తిరుగుతాయి. మా మేనత్తకి మంచం మీద పక్కకి ఒత్తిగిలితే చాలు, గది గిర్రున తిరిగేది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, నిమ్మకాయలు కోశారు. ఆరు నెలలు ఆవిడ భయంతో సరిగా పడుకోలేదు. చివరికి చెవి డాక్టరు గారు తలని ఒక వరసలో అటూ ఇటూ తిప్పి, పడుకోబెట్టి, లేపి కూర్చోబెట్టారు. పది నిమిషాల పని. మందు కూడా రాయలేదు. ఇది తెలియక ఎంతమంది ఇలా నెలల తరబడి నలిగిపోతున్నారో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ రాయిలో చేప తన రోజులన్నీ రాసి పెట్టుకుంటుంది.

పాత కిరాణా కొట్లలో చిట్టా పుస్తకం ఉండేది. ఏ రోజు జమాఖర్చు ఆ రోజు అందులో ఎక్కాల్సిందే. చెవిరాయి అలాంటి చిట్టా. ప్రతి రోజూ దాని మీద ఒక పొర చేరుతుంది. కాల్షియం ఎక్కువున్న వెడల్పు పట్టీ ఒకటి, ప్రోటీన్ ఎక్కువున్న సన్నటి పట్టీ ఒకటి, రెండూ కలిస్తే ఒక రోజు. రాత్రి పగలు మారుతున్నకొద్దీ రాయి చుట్టూ ఉన్న ద్రవంలో రసాయనాలు హెచ్చుతగ్గులవడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని 1971లో జార్జియో పానెల్లా అనే శాస్త్రవేత్త బయటపెట్టారు. ఒక్కో పొర మందం కొన్ని మైక్రాన్లే, మన తల వెంట్రుక మందంలో పదీ ఇరవై రోజులు ఇమిడిపోతాయి.

ఎముక కూడా పెరుగుతుంది కదా, అదెందుకు పనికిరాదు? శరీరానికి కాల్షియం కరువైతే ఎముక నుంచీ పొలుసు నుంచీ తీసుకుంటుంది. అంటే ఆ పుస్తకంలో పేజీలు చిరిగిపోతాయి. చెవిరాయిని మాత్రం శరీరం సాధారణంగా ముట్టుకోదు, ఎక్కిన పద్దు కొట్టివేత లేకుండా అలాగే ఉంటుంది. బేరం బాగున్న రోజు పద్దు పొడుగ్గా ఉన్నట్టు, తిండి బాగా దొరికిన రోజుల్లో పొర వెడల్పుగా పడుతుంది, కరువు రోజుల్లో సన్నగా పడుతుంది. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పనిచేసిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్, మన విశాఖ తీరంలో అడుగునున్న చల్లటి నీరు పైకి ఎగదన్నడాన్ని అధ్యయనం చేశారు. అలా నీరు పైకి వస్తే ఎరువు పైకి వస్తుంది, పాచి పెరుగుతుంది, పిల్ల చేపకి మేత దొరుకుతుంది. ఆ కబురు కూడా రాయిలో పొర వెడల్పుగా ఎక్కే అవకాశముంది.

ఇక్కడ మన సముద్రానికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. చలి దేశాల్లో శీతాకాలంలో చేప ఎదుగుదల మందగిస్తుంది, రాయిలో ఏడాదికి ఒక స్పష్టమైన గీత పడుతుంది. 1899లోనే రైబిష్ అనే జర్మన్ శాస్త్రవేత్త చెవిరాళ్ళలో ఏటేటా పడే ఆ వలయాలు చూసి చేప వయసు చెప్పారు. అంటే అక్కడ ఏడాది చివర ఖాతా ముగించి కొత్త పుస్తకం తెరుస్తారు. మన బంగాళాఖాతంలో అంత చలి ఎక్కడిది? ఏడాది గీత మసకగా ఉంటుంది, ఒక్కోసారి అసలు కనబడదు. కాబట్టి మనవాళ్ళు ఏడాది లెక్క వదిలేసి రోజువారీ పద్దులు లెక్కపెట్టాలి, అదీ చిన్న చేపల్లోనే బాగా కుదురుతుంది. ముసలి చేపలో అంచు దగ్గర పొరలు ఒకదాని మీద ఒకటి ఇరుకైపోతాయి.

రోజుకొక పొరే అని నమ్మకమేమిటి? దీనికి ఆడిటర్ ముద్ర లాంటి ఉపాయం ఒకటుంది. బతికున్న చేపని ఆక్సీటెట్రాసైక్లిన్ కలిపిన నీటిలో ఉంచుతారు. ఆ మందు కాల్షియాన్ని పట్టుకుని, అతినీలలోహిత కాంతిలో పసుపుపచ్చగా మెరిసే గీత ఒకటి రాయిలో వదులుతుంది. సరిగ్గా ముప్పై రోజులు పెంచి, మెరిసే గీత తర్వాత ఎన్ని పొరలున్నాయో చూస్తారు. ముప్పై ఉంటే ఆ జాతి చిట్టాని నమ్మవచ్చు. మొదటి పొర గుడ్డు పగిలిన రోజున పడిందా, తొలిసారి తిండి తిన్న రోజున పడిందా అన్నది జాతిని బట్టి మారుతుంది. అదీ ముందే తేల్చుకోవాలి.

నా దగ్గర పీహెచ్‌డీ చేసిన అమ్మాయి కానాగర్త చేప పిల్లల మీద ఈ పని చేసింది. తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చేపలు కొనేది. తల చీల్చి, మెదడు పక్కకి తప్పించి, సన్నటి పట్టకారుతో నూకగింజంత రాయిని బయటికి తీసేది. దాన్ని గాజుపలక మీద జిగురుతో అంటించి, తడి గరుకు కాగితం మీద వేలికొనతో మెల్లగా రుద్దాలి. రెండుసార్లు రుద్దడం, ఒకసారి మైక్రోస్కోప్‌లో చూడడం. రాయి నడిమధ్య చుక్క, అంటే పుట్టిన రోజు, కనబడేదాకా ఇదే. ఒక్క రుద్దు ఎక్కువైతే ఆ చుక్కే అరిగిపోతుంది. చేప పుట్టిన రోజు దుమ్మైపోతుంది. అలా పోయిన రోజు ఆ పిల్ల టెన్షన్‌తో మాట్లాడేది కాదు. చక్కగా వస్తే మాత్రం ల్యాబ్‌లో ఎవరున్నా చేయి పట్టుకు లాక్కొచ్చి చూపించేది. నేనూ చూశాను. చెరువులో రాయి వేస్తే లేచే అలల్లాగా చుక్క చుట్టూ వలయాలు, వలయాలు, వలయాలు. తను లెక్కపెట్టాక, ఆ సంఖ్య చెప్పకుండా ఇంకొకరితో లెక్కపెట్టించేది. తేడా మరీ ఎక్కువైతే ఆ రాయిని పక్కన పెట్టేది.

మన డిగ్రీ తరగతుల్లో సాజిటా, లాపిల్లస్, ఆస్టెరిస్కస్ అని మూడు పేర్లూ బట్టీ పట్టిస్తాం. ఒక్క చేప తల తెరిచి చూపించం. బజారులో దొరికే చేపతో అయిపోయే పాఠం అది.

ఆ చిట్టాలో ఇంకో సంగతి, సిరా. స్ట్రాన్షియం ఆవర్తన పట్టికలో కాల్షియం కిందే ఉంటుంది. స్వభావం దగ్గరగా ఉండడంతో రాయి పెరిగేటప్పుడు అక్కడక్కడ కాల్షియం చోటులో అదీ దూరుతుంది. సముద్రపు నీటిలో లీటరుకి దాదాపు 8 మిల్లీగ్రాముల స్ట్రాన్షియం ఉంటుంది, నదుల్లో సాధారణంగా అంతకంటే చాలా తక్కువ. లేజర్‌తో రాయి మధ్య నుంచి అంచుదాకా చుక్క చుక్కగా ఆవిరి చేసి స్ట్రాన్షియానికీ కాల్షియానికీ ఉన్న నిష్పత్తి కొలిస్తే, చేప ఏ వయసులో ఉప్పునీటిలో ఉందో, ఏ వయసులో మంచినీటిలోకి ఎక్కిందో తెలుస్తుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా, ఆ పులస సముద్రంలో ఇలసగా ఉన్న రోజులూ, గోదావరి ఎదురెక్కిన రోజులూ దాని చెవిలోనే రెండు రకాల సిరాతో ఉంటాయి.

చిట్టా చదవకుండా వల వేస్తే ఏమవుతుందో ఆరెంజ్ రఫీ అనే లోతు నీటి చేప చూపించింది. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా దగ్గర దాన్ని టన్నులకి టన్నులు పట్టేశారు. తర్వాత చెవిరాళ్ళు జాగ్రత్తగా చదివితే నూరేళ్ళు దాటినవి ఉన్నాయని తేలింది. గుడ్లు పెట్టే ఈడు రావడానికే దానికి దాదాపు ముప్పై ఏళ్ళు పడుతుంది. అప్పటికే చాలా చోట్ల ఆ చేపలు పలచబడ్డాయి.

మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్ల వేట ఆపుతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని. ఏ జాతికి ఆ తేదీలు ఎంతవరకు సరిపోతున్నాయో రాయిని అడగవచ్చు. ఉదాహరణకి ఆగస్టు 2న హార్బర్‌లో కొన్న పిల్ల చేప రాయిలో 96 పొరలున్నాయనుకో. వెనక్కి లెక్కపెడితే ఏప్రిల్ 28 వస్తుంది. అంటే దాని తల్లి గుడ్లు పెట్టే రోజుల్లో బోట్లు ఒడ్డునే ఉన్నాయి. అదే పిల్ల రాయిలో 160 పొరలుంటే ఫిబ్రవరి 23. అప్పుడు వలలన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. ఒక్క చేపతో ఏమీ తేలదు, వందల రాళ్ళు కావాలి, చాలా సంవత్సరాలు కావాలి. అందుకే ఈ పనికి ఓపికున్న పిల్లలు కావాలి.

ఈసారి నాన్నమ్మ గొరక తెచ్చినప్పుడు పొయ్యి మీద పెట్టకముందే తల అడుగమ్మా. రాళ్ళు రెండూ తీసి, కడిగి, ఆరబెట్టి, అగ్గిపెట్టెలో వెయ్యి. పైన తేదీ, చేప పొడవు రాయడం మరిచిపోకు.