ఎండలో గీత తప్పిన బండి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ పిల్లలు నలుగురు వేసవి సెలవుల్లో ఒక రోబో బండి తయారుచేశారు. అందరూ నాలుగు, ఐదు తరగతుల వాళ్లే. రెండు మోటార్లు, చక్రాలు, బ్యాటరీలు, ప్రోగ్రామ్‌ను నడిపే ఒక బోర్డు, కిందకు చూసే రెండు సెన్సార్లు. తెల్ల చార్టు మీద నల్ల టేపు అంటిస్తే దాని వెంట పోవాలి. హాల్లో చక్కగా పోయింది. అమ్మలకు చూపిద్దామని వరండాలో ఎండలో పెట్టగానే గీత వదిలేసి గిరగిరా తిరిగింది.

"ప్రోగ్రామ్ పాడైపోయింది మామయ్యా" అన్నాడొకడు ఏడుపు మొహంతో. ప్రోగ్రామ్‌లో ఏమీ మారలేదు. "హాల్లో లేనిది ఇక్కడేముంది?" అని మాత్రం అడిగాను.

టీవీ రిమోట్‌లో ఉండే పరారుణ కాంతినే ఆ సెన్సార్ కూడా కిందకు పంపుతుంది. అది మన కంటికి కనబడదు. తెల్ల కాగితం దాన్ని వెనక్కి పంపుతుంది, నల్ల టేపు చాలావరకు పీల్చేసుకుంటుంది. తిరిగొచ్చిన వెలుగు ఎక్కువా, తక్కువా అన్నదొక్కటే బండికి తెలుస్తుంది. గీత అంటే ఏమిటో దానికి తెలియదు. ఎండలోనూ పరారుణ కాంతి దండిగా ఉంటుంది. అది సెన్సార్‌లో పడితే టేపుకీ కాగితానికీ తేడా చెరిగిపోతుంది. ఐదో తరగతి పాప చెయ్యి అడ్డుపెట్టి చూసింది. బండి గీత పట్టుకుంది! చెప్పుల పెట్టె అట్ట కత్తిరించి సెన్సార్లకు గొడుగు కట్టారు. ఆ పావుగంట నేను నోరు మూసుకుని కూర్చోవడమే కష్టమైంది. కానీ పెద్దవాళ్లం అక్కడ చెయ్యి పెట్టేస్తే పిల్లలకు మిగిలేది స్క్రూలు బిగించే పనే.

1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష తయారుచేశారు. నేల మీద కదిలే తాబేలు రోబోకు అందులో ఆదేశాలు ఇచ్చేవారు. చతురస్రం ఎలా గీయించాలో తెలియకపోతే నువ్వే తాబేలువై నడిచి చూడమనేవాడు పాపర్ట్. మేమూ టెర్రస్ మీద నడిచాం. నాలుగడుగులు ముందుకు, కుడికి తిరుగు, మళ్లీ నాలుగడుగులు... "అన్నిసార్లు చెప్పడం ఎందుకు, నాలుగుసార్లు అదే చెయ్యమంటే పోలా?" అంది పాప. ఆదేశాల ముక్కలు పేర్చి ప్రోగ్రామ్ రాసే స్క్రాచ్ అనే పిల్లల భాషలో రిపీట్ అనే బ్లాక్ చేసేది అదే.

తర్వాత దూరం కొలిచే సెన్సార్ తగిలించాం. చూడ్డానికి రెండు కళ్లలా ఉంటుంది కానీ ఒకటి నోరు, ఒకటి చెవి. మనకు వినబడని 40 వేల హెర్ట్జ్ శబ్దం పంపి, ప్రతిధ్వని కోసం చూస్తుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. సెకనులో వెయ్యో వంతులో తిరిగొస్తే గోడ 17 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు. 34 ఎందుకు కాదు? ఇక్కడ పిల్లలు చాలాసేపు ఆగిపోయారు. వెళ్లడం, రావడం రెండూ ఉన్నాయని చివరకు తట్టింది.

ఆ ఆదివారం బీచ్ రోడ్డులో కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియంకి తీసుకెళ్లాను. జలాంతర్గాముల్లో ఉండే సోనార్ అనే పరికరం కూడా ఇలాగే ప్రతిధ్వనితో దూరం తెలుసుకుంటుందని, సముద్రపు నీటిలో శబ్దం వేగం సెకనుకు దాదాపు 1500 మీటర్లని చెప్పాను. "అయితే మన ప్రోగ్రామ్ నీళ్లలో వాడితే గోడ దూరం తప్పు చూపిస్తుందా?" అని అడిగింది పాప. నలుగురూ బయట గట్టు మీద కూర్చుని టికెట్ వెనక లెక్క వేశారు. ఉన్నదానికంటే నాలుగు రెట్లకు పైగా దగ్గరగా చూపిస్తుంది.