డాక్టరు గారి బీపీ చూసేదెవరు?

సిగరెట్ గుండెకు చేటని ఇవాళ చిన్నపిల్లలకూ తెలుసు. అది లెక్కలతో సహా తేలింది మాత్రం డాక్టర్ల ఒంటి మీదే. 1951లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు బ్రిటన్‌లోని డాక్టర్లకు ఉత్తరాలు రాసి, వాళ్ల సిగరెట్ అలవాటు కనుక్కున్నారు. 34,439 మంది మగ డాక్టర్లను యాభై ఏళ్లపాటు గమనించారు. సిగరెట్ మానకుండా తాగినవాళ్లు అసలు ముట్టనివాళ్లకన్నా సగటున పదేళ్ల ముందే చనిపోయారు.

గుండె గురించి లోకానికి ఇంత నేర్పిన వృత్తి ఇది. అయినా మహబూబ్‌నగర్, నల్లగొండ దవాఖానల్లో రాత్రంతా ఇతరుల చేతికి బీపీ పట్టీ చుట్టే సిస్టర్ తన చేతికి అది చుట్టుకుని ఎన్నాళ్లయిందో ఎవరూ అడగరు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. జిల్లాకు అది పెద్ద మేలు. దాంతోపాటే రాత్రంతా మేలుకునే హౌస్ సర్జన్ల సంఖ్యా పెరిగింది. వాళ్ల గుండె సంగతి పట్టించుకోవాల్సిన బాధ్యత మనదే అని నా నమ్మకం.

అసలు చిక్కు నైట్ డ్యూటీలో ఉంది. మామూలుగా నిద్రలో మన బీపీ పది నుంచి ఇరవై శాతం దాకా దిగుతుంది. రక్తనాళాలకు దొరికే విశ్రాంతి అదే. మేలుకుని వార్డులో తిరిగేవాళ్లకు ఆ దిగుడు సరిగా ఉండదు. పగలు పడుకుంటారు కదా అంటే, వెలుతురు, పిల్లల అల్లరి, ఫోన్లు. దేవరకొండ నుంచి బస్సులో వచ్చి డ్యూటీ చేసే నర్సు పొద్దున ఇల్లు చేరాక వంట చేసి, పిల్లలను బడికి పంపి, అప్పుడు గానీ నడుం వాల్చదు. తిండిదీ అదే కథ. రాత్రి వేళ ఇన్సులిన్ పగటిలా చురుగ్గా పనిచేయదు. కాబట్టి రాత్రి రెండు గంటలకు తిన్న మిర్చి బజ్జీ, తీపి చాయ్ రక్తంలో చక్కెరను పగటికన్నా ఎక్కువ పెంచుతాయి.

అమెరికాలో సుమారు 1,89,000 మంది నర్సులను 24 ఏళ్లు గమనించి, 2016లో ఫలితాలు చెప్పారు. నెలకు కనీసం మూడు రాత్రుల చొప్పున పదేళ్లు, ఆపైన షిఫ్టులు మారుతూ పనిచేసినవాళ్లలో గుండె జబ్బు ముప్పు 15 నుంచి 18 శాతం ఎక్కువ ఉంది. ఇది సిగరెట్, షుగర్ తెచ్చే ముప్పంత పెద్దది కాదు. కానీ వాటికి తోడైతే మాత్రం బరువే. ఊరటనిచ్చే మాట ఒకటుంది: నైట్ డ్యూటీలు మానేశాక ఏళ్లు గడిచేకొద్దీ ఆ ముప్పు తగ్గింది. అంటే డ్యూటీ చార్టు వేసేవాళ్ల చేతిలోనూ కొంత వైద్యం ఉంది. వయసు పైబడిన సిస్టర్లకు రాత్రులు తగ్గించడం దయ కాదు, అవసరం.

మనవాళ్లకు తొందర ఇంకా ఎక్కువ. 52 దేశాల ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సుమారు 53 ఏళ్లకే వచ్చింది. మిగతా చోట్ల దాదాపు 59కి. మగవాళ్లకు నడుం చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే మన దేశంలో జాగ్రత్త పడాల్సిందే. ఎత్తు, బరువు లెక్కలు బాగున్నా సరే.

డాక్టర్లకు ఇంకో ప్రమాదముంది: సొంత వైద్యం. ఛాతీలో పట్టేసినట్టుంటే "గ్యాస్ అయ్యుంటుంది" అని మాత్ర వేసుకుని ఓపీ పూర్తిచేస్తారు. అదే మాట పేషెంటు అంటే ఊరుకోరు, పది నిమిషాల్లో ఈసీజీ తీయిస్తారు. తమకూ అంతే చేయించుకోవాలి, చదివేది మాత్రం పక్క డాక్టరు కావాలి. మొదటి ఈసీజీ మామూలుగానే ఉండి నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాలి. గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే ప్రోటీన్ పరీక్ష కూడా కొన్ని గంటలాగి రెండోసారి చేయాలి, ఎందుకంటే మొదటి గంటల్లో ఆ ప్రోటీన్ రక్తంలో కనిపించకపోవచ్చు.