సైమా సరస్సు ఒడ్డు నుంచి పిల్లలకు ఉత్తరం

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్ళకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో ఫిన్లండు తూర్పు ప్రాంతంలోని సైమా సరస్సును చూపిస్తుంటే, మీ అందరిలోకి చిన్నది "తాతయ్యా, పాకాల చెరువు కాకతీయులు కట్టించారు కదా, అక్కడ ఇన్ని చెరువులు ఎవరు తవ్వించారు?" అని అడిగింది. అంత మంచి ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు చెప్పడం నాకు ఇష్టం లేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ అత్తయ్య, నేను మిక్కెలి పట్టణం దగ్గర ఒక పాత భూస్వాముల బంగళాలో దిగాము. ఇటువంటి బంగళాలను ఇక్కడ కర్తనో అంటారు. ఇప్పుడు వీటిలో కొన్నింటిని అతిథులకు బసగా ఇస్తున్నారు. మా గది మూలన పైకప్పుదాకా తెల్లని పెంకులు అతికిన పొయ్యి ఉంది. కిటికీకి రెండు పొరల అద్దాలు ఉన్నాయి. వెనుకటి రోజుల్లో ఆ రెండింటి మధ్య తేమ పీల్చడానికి ఎండు నాచు పరిచేవారట. ఇటువంటి ఇళ్ళు ఎక్కువగా నీటి ఒడ్డునే కట్టుకోవడానికి కారణం ఉంది. బండలూ అడవులూ బురదా నిండిన ఈ నేలమీద బాట వేయడం కన్నా, వేసవిలో పడవ మీద, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద ప్రయాణం చేయడమే సులువు. ఆదివారం చర్చికి కూడా ఊరివారంతా పొడవైన పడవలలో తెడ్లు వేసుకుంటూ వెళ్ళేవారు.

ఇక తవ్వినది ఎవరంటే, మంచు. ఒకప్పుడు ఈ దేశమంతటి మీదా రెండు మూడు కిలోమీటర్ల మందాన మంచు పేరుకుని ఉండేది. వట్టి మంచు రాతిని కోయలేదు. దాని అడుగున ఇరుక్కున్న రాళ్ళు, మంచు వాయవ్యం నుంచి ఆగ్నేయానికి మెల్లగా జరుగుతున్నకొద్దీ, నేలలో పగుళ్ళు పడి బలహీనంగా ఉన్న చోట్లన్నిటినీ గీరుకుంటూ పోయాయి. ఆ గుంటలలో నీరు నిలిచి, చిన్నా పెద్దా కలిపి దాదాపు 1,88,000 సరస్సులయ్యాయి.

కథ అక్కడితో ఆగలేదు. మా చిన్నతనంలో దూది ఏకే సాయిబు గారు వీధిలోకి వచ్చి, విల్లు టంగుటంగుమనిపిస్తూ పాత పరుపుల దూదిని ఏకి ఇచ్చేవారు. ఆ కొత్త పరుపు మీద మా తాతగారు మధ్యాహ్నం ఒక వైపుకు ఒరిగి పడుకునేవారు. ఆయన భారీ మనిషి. లేచి వెళ్ళాక పరుపు వెంటనే సర్దుకునేది కాదు. ఆయన పడుకున్న చోటు నెమ్మదిగా పొంగేది. మేము అన్నదమ్ములం ఆ గుంట అంచున నీళ్ళు పోసిన ఇత్తడి పళ్ళెం పెట్టి, గడ్డాలు నేలకు ఆనించి చూసేవాళ్ళం. పొంగుతున్న వైపు పళ్ళెం లేచేది, నీరు రెండో వైపుకు జరిగి జరిగి చివరకు ఒలికేది. పరుపును ఎండలో వేసే పని మాకే పడేది.

ఈ దేశం ఆ పరుపే, మంచు మా తాతగారే అనుకోండి. మంచు బాగా మందంగా ఉన్న వాయవ్యపు వైపు నేల ఎక్కువగా అణిగింది కనుక ఇప్పుడు ఎక్కువగా లేస్తోంది. వాసా పట్టణపు తీరంలో నేటికీ ఏడాదికి 8–9 మిల్లీమీటర్లు పైకి వస్తోంది. సైమా వైపు అంత వేగం లేదు. అందువల్ల సైమా అనే పళ్ళెం ఒరిగి, నీరంతా ఆగ్నేయానికి చేరి, సుమారు 12,000 ఏళ్ళ క్రితం మంచు అంచు ఆగినచోట పోసి వెళ్ళిన ఇసుక, కంకర గట్టును ఒత్తసాగింది. ఆ గట్టు పేరు సల్పౌసెల్కా. దాదాపు 6,000 ఏళ్ళ క్రితం నీరు దానిని తెంచుకుని బయటపడింది. అలా పుట్టిన వుఒక్సి నది ఇమాత్రా దగ్గర రాళ్ళ మధ్య నుంచి దిగి, రష్యాలోని లడోగా సరస్సులో కలుస్తోంది. మా పరుపు ఒక్క పూటలో సర్దుకునేది. ఈ నేల పది వేల ఏళ్ళు దాటినా ఇంకా సర్దుకుంటూనే ఉంది.

అస్తువన్‌సల్మి అనే చోట నీటి ఒడ్డు కొండరాతి మీద వేల ఏళ్ళనాటి మనుషులు ఎర్రమన్నుతో దుప్పులను, పడవలను, మనుషులను గీశారు. అప్పుడు సరస్సు మట్టం ఎత్తుగా ఉండేది. ఇప్పుడు నీరు దిగిపోయింది, బొమ్మలు పైనే ఉండిపోయాయి. తల ఎత్తి ఆ దుప్పిని చూస్తూ నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

నేల లేచినప్పుడు సముద్రపు సీల్ జంతువులు కొన్ని వెనక్కు పోలేక ఇక్కడే చిక్కుకున్నాయి. వాటి సంతతి ప్రపంచంలో మరెక్కడా లేదు; ఇప్పుడు సుమారు 500 మాత్రమే ఉన్నాయి. అవి ఒడ్డున పేరుకున్న మంచులో గూడు చేసుకుని పిల్లను కంటాయి. మంచు సరిగా పడని ఏడు, ఊళ్ళవాళ్ళు పారలు పట్టి మంచును కుప్పలు పోసి వాటికి చోటు చేస్తారు. తమకు ఏమీ తిరిగి ఇవ్వలేని ప్రాణి కోసం గడ్డకట్టే చలిలో పార పట్టే మనిషిని మీరు గౌరవించాలి, వీలైతే అటువంటివారు కావాలి.

అంత లోతున నేల ఎలా అణుగుతుందో, ఎలా లేస్తుందో పెద్ద తరగతుల్లో చదువుకుంటారు. ఈలోగా అట్లాసులో ఫిన్లండు పటం తీసి, మిక్కెలి నుంచి సవొన్లిన్నా దాకా వేలితో మెల్లగా వెళ్ళండి. అక్కడి నీటిపాయలూ దీవులూ ఎక్కువగా ఏ దిక్కుకు సాగి ఉన్నాయో చూసి, మంచు ఎటు నుంచి ఎటు నడిచిందో నాకు జవాబు రాయండి.

ఇట్లు,
మీ తాతయ్య