స్టెబిలైజర్ బోల్టు తెగితే తప్పు బోల్టుదేనా? అపోహలు - వాస్తవాలు

షెడ్డుకి వచ్చే ట్రాక్టర్ల దగ్గర ఒకే మాట పదే పదే వింటుంటాను. "అన్నా, స్టెబిలైజర్ బ్రాకెట్ బోల్టు మళ్ళీ తెగింది, ఈసారి ఇంకా గట్టిది వెయ్యి." వెనక తగిలించిన పనిముట్టు పక్కలకి ఊగకుండా పట్టే చెయిన్లే (చెక్ చెయిన్లు) స్టెబిలైజర్. అవి తగిలే బ్రాకెట్‌ని ట్రాక్టర్ వెనక ఉండే పోత ఇనుప పెట్టెకి, అంటే హౌసింగ్‌కి, బిగించేదే ఈ బోల్టు. గట్టిది వేస్తే కొన్నాళ్ళకి అదీ తెగుతుంది. ఆ తర్వాత బోల్టు బాగానే ఉంటుంది, హౌసింగ్‌లో మరలు ఊడొస్తాయి. ఇంకా ముదిరితే హౌసింగే పగిలి ఆయిల్ కారుతుంది. ఒక బోల్టుతో తీరాల్సిన ఖర్చు ట్రాక్టర్ వెనక భాగం మొత్తం విప్పేదాకా పోతుంది, అదీ పనులు ముమ్మరంగా ఉన్న రోజుల్లో. అందుకే ఈ ఒక్క విషయం గురించే ఎక్కువ రాస్తున్నాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

అపోహ: బోల్టు తెగిందంటే అది నాసిరకం. అంతకన్నా గట్టిది వేస్తే సరి.

నా దగ్గరికి వచ్చినవాటిలో చాలావరకు బలం చాలక తెగినవి కావు, వదులై తెగినవి.

బ్రాకెట్‌ని హౌసింగ్‌కి అదిమి పట్టుకోవడమే బోల్టు పని. పనిముట్టు పక్కకి ఊగినప్పుడు వచ్చే లాగుడుని ముందుగా మోసేది బోల్టు కాదు, అదిమి ఉన్న ఆ రెండు ముఖాల మధ్య రాపిడి. బిగువు ఉన్నంతకాలం బోల్టుకి పక్క దెబ్బ పెద్దగా తగలదు. బిగువు కాస్త సడలిందంటే బ్రాకెట్ వెంట్రుకవాసి జరగడం మొదలుపెడుతుంది. ఇక రోటవేటర్ అదిరిన ప్రతిసారీ, గుంతలో చక్రం పడిన ప్రతిసారీ బోల్టు ఇటూ అటూ వంగుతుంది. ఇనప తీగని అటూ ఇటూ వంచి తెంపుతామే, అదే జరుగుతుంది ఇక్కడ. ఎంత గట్టి తీగైనా ఆ వంపులకి ఎప్పుడో ఒకప్పుడు తెగాల్సిందే.

తెగిన ముక్క పారెయ్యకుండా తెచ్చి చూపించమంటాను. దాన్ని తుడిచి ఎండలో పట్టుకుని చూడండి. తెగిన ముఖం ఒక పక్కన నున్నగా, కాస్త నల్లబడి ఉంటుంది. అందులో వంపు తిరిగిన సన్నటి గీతలు ఒకదాని వెనక ఒకటి కనిపించొచ్చు. మిగతా భాగం గరుకుగా, పలుకులు పలుకులుగా ఉంటుంది. నున్నటి భాగం చాలా రోజులుగా కొంచెం కొంచెంగా పాకిన పగులు. గరుకు భాగం చివరి క్షణంలో ఒక్కసారిగా తెగింది. ఆ గరుకు భాగం ఎంత చిన్నదైతే, ఆ బోల్టు అంత తక్కువ లోహంతో చివరిదాకా మోసిందన్నమాట. పగులు పాకి అక్కడిదాకా వచ్చిన బోల్టుని పట్టుకుని "బలం లేదు" అంటే ఎలా?

బోల్టు తల మీద 8.8, 10.9 అని బలం చెప్పే గుర్తులు (గ్రేడ్) ఉంటాయి, అంకె పెద్దదైతే బలం ఎక్కువ. కంపెనీ ఏ గ్రేడ్ వేసిందో అదే వెయ్యండి. ఏ గుర్తూ లేని మెత్తటి బోల్టు ఎలాగూ పనికిరాదు. అలాగని 12.9 తెచ్చి, పానాకి పైపు తొడిగి, ఒళ్ళంతా వేసి బిగిస్తే ముందు పోయేవి పోత ఇనుములో ఉన్న మరలు. బోల్టు మార్చుకోవచ్చు. హౌసింగ్‌ని అలా మార్చలేం.

మరి వదులెందుకు అవుతుంది? బ్రాకెట్ కింద రంగు, తుప్పు, ఎండిన మట్టి ఉంటే బిగించేటప్పుడు గట్టిగానే అనిపిస్తుంది. పనిలో పడ్డాక ఆ పొర నలిగిపోయి బిగువు పోతుంది. అందుకే రెండు ముఖాలూ వైర్ బ్రష్‌తో లోహం కనపడేదాకా గీకాలి. ఇంకోటి, హౌసింగ్‌లో కొన్ని రంధ్రాలకి అడుగు మూసి ఉంటుంది. అందులో మట్టి, ఆయిల్ పేరుకున్నా, పాతదానికన్నా పొడవైన బోల్టు వేసినా, అది అడుగుకి తగిలి ఆగిపోతుంది. చేతికి బిగిసినట్టే ఉంటుంది, బ్రాకెట్‌ని మాత్రం పట్టదు. కొత్త బోల్టు తెచ్చేటప్పుడు పాతదాని పక్కన పెట్టి పొడవు, మరల దూరం రెండూ చూసుకోండి. తెగిన ముక్క రంధ్రంలో మిగిలిపోతే దాన్ని మరలు చెడకుండా తీయించాలి.

టార్క్ రెంచ్‌తోనే (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించండి. ఎం16 (16 మిల్లీమీటర్ల మందం), 8.8 గ్రేడ్ బోల్టుకి బిగించే బలం మామూలుగా 200 న్యూటన్ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, కానీ మీ ట్రాక్టర్ మాన్యువల్లో రాసిన అంకెదే చివరి మాట. బిగించాక బోల్టు తల మీద నుంచి బ్రాకెట్ మీదకి ఒక్క పెయింట్ గీత గీయండి. కొన్ని గంటలు పనిచేశాక మళ్ళీ బిగువు చూడండి. గీత తప్పిందంటే బోల్టు తిరిగినట్టు. తప్పకపోయినా ఆ మొదటి తనిఖీ మానొద్దు, ఎందుకంటే పొర నలిగితే బోల్టు తిరక్కుండానే బిగువు పోతుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా బోల్టు తెగుతోందంటే, ఇంకో చోట వెతకాలి. ఇక్కడికే రెండో అపోహ వస్తుంది.

అపోహ: చెక్ చెయిన్ ఎంత బిర్రుగా ఉంటే అంత భద్రం.

చాలా ట్రాక్టర్లలో చెయిన్ తగిలించే పాయింటు, లోయర్ లింక్ (పనిముట్టుని పట్టే కింది చెయ్యి) తిరిగే పాయింటు ఒకే గీత మీద ఉండవు. అందువల్ల లిఫ్ట్ ఎత్తేకొద్దీ చెయిన్ బిగువు మారుతుంది. పనిముట్టు కింద ఉన్నప్పుడు కొంచెం వదులుగా ఉన్న చెయిన్ పైకి వెళ్ళేసరికి బిర్రవుతుంది. కిందే బిర్రుగా బిగించేస్తే పైకెత్తినప్పుడు ఆ చెయిన్ ఎటు పోవాలి? హైడ్రాలిక్ లిఫ్ట్ బలమంతా బ్రాకెట్ని, బోల్టుల్ని పీకడానికే పనిచేస్తుంది. ఎత్తేటప్పుడు "కిర్రు"మని చప్పుడు వస్తే, లిఫ్ట్ చివర్లో బరువెక్కినట్టు అనిపిస్తే ఆపేసి చెయిన్ చూడండి.

సరిచేసే పద్ధతి కష్టమేమీ కాదు. చదును నేల మీద పనిముట్టు తగిలించి, నెమ్మదిగా ఎత్తుతూ దింపుతూ కింది నుంచి పైదాకా చెయిన్ ఎక్కడ ఎక్కువ బిగుస్తోందో గమనించాలి. చూసే మనిషి పక్కన దూరంగా నిలబడాలి, ట్రాక్టర్‌కీ పనిముట్టుకీ మధ్యకి మాత్రం వెళ్ళకూడదు. చెయ్యి పెట్టేది పనిముట్టుని నేల మీదకి దింపి, ఇంజన్ ఆపి, బ్రేక్ వేశాకే. ఎక్కువ బిగిసే చోట కూడా చెయిన్ పీకకుండా ఉండాలి. దాన్నిబట్టి టర్న్ బకిల్ (చెయిన్ పొడవు సరిచేసే మర) తిప్పుకుని, రెండు వైపులా సమానంగా ఉందో లేదో కొలిచి, లాక్ నట్ బిగించాలి.

పనిని బట్టి కూడా మార్చుకోవాలి. రోటవేటర్, విత్తన గొర్రు, గడ్డి కోసే మోవర్ లాంటివాటికి ఊగు చాలా తక్కువ ఉండాలి. నాగలికి అలా కాదు, అది తన చాలులో తాను నడవాలంటే అటో రెండంగుళాలు, ఇటో రెండంగుళాలు కదిలే వీలుండాలి. రోటవేటర్‌కి బిగించిన చెయిన్లతోనే నాగలి వేసి దున్నితే ట్రాక్టర్‌ని అది పక్కకి లాగుతూ ఉంటుంది, స్టీరింగ్ పట్టుకున్నవాడి భుజాలు పోతాయి, బోల్టులూ పోతాయి. రోడ్డెక్కేటప్పుడు మాత్రం ఏ పనిముట్టైనా ఎత్తి, ఊగకుండా చూసుకోండి. వదులుగా వదిలేస్తే మలుపులో లోయర్ లింక్ వెళ్ళి టైరుకి రాసుకుంటుంది.

అపోహ: వెల్డింగ్ పెట్టేస్తే పీడ వదులుతుంది.

ఒక పెద్దాయన ట్రాక్టర్ తెచ్చారు. బ్రాకెట్‌ని హౌసింగ్‌కే కలిపి వెల్డింగ్ చేయించారు ఎవరి దగ్గరో. అతుకు చెక్కుచెదరలేదు. దాని పక్కనే వెంట్రుకంత సన్నటి పగులు, అందులోంచి చెమట పట్టినట్టు ఆయిల్. ఆయనకి కోపం లేదు, భయం ఉంది. "పని ఆగిపోతుందని చేయించాను బాబూ, ఇప్పుడు మొత్తమే ఆగిపోతుందా?" అని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డారు. అలాంటి మనిషిని ఏమంటాం? కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పోత ఇనుము వేడెక్కి గబుక్కున చల్లారితే అతుకు పక్కన పెళుసెక్కి పగులుతుంది. దానికి ముందుగా వేడి చేయడం, నెమ్మదిగా చల్లార్చడం, తగిన రాడ్ వాడడం ఉంటాయి, పొలం గట్టు మీద అవేవీ కుదరవు. బోల్టు తలకి వెల్డింగ్ చుక్క పెట్టడమూ తప్పే, ఆ వేడికి బోల్టుకున్న బలం పోతుంది. ఆ సలహా ఇచ్చేవాళ్ళు తర్వాత కనపడరు, ఖర్చు మాత్రం ఆయనలాంటివాళ్ళ మీద పడుతుంది.

ఇక మిగతావి.

లించ్ పిన్ (పనిముట్టు జారిపోకుండా పిన్ను చివర తగిలించే రింగు పిన్ను) పోతే మేకు చాలదు. లించ్ పిన్ రింగు స్ప్రింగులా కొట్టుకుని పట్టుకుంటుంది, మేకు అదురుకి జారిపోతుంది. రింగు వదులైన పిన్ను కూడా మార్చాల్సిందే.

"పిన్ను దూరింది కదా" అంటే సరిపోయినట్టు కాదు. పిన్నుల సైజుల్ని కేటగిరీలంటారు. కేటగిరీ 1 లోయర్ లింక్ పిన్ను 22 మిల్లీమీటర్లు, కేటగిరీ 2ది 28. చిన్న పిన్నుని పెద్ద బాల్‌లో (లింక్ చివర పిన్ను దూరే గుండు) బుష్ (తొడుగు) లేకుండా వేస్తే ఆ 6 మిల్లీమీటర్ల ఖాళీలో ప్రతి కుదుపూ సుత్తి దెబ్బే.

స్ప్రింగ్ వాషర్ ఉంటే వదులవ్వదనేది ఉత్త మాట. బిగువే కాపాడుతుంది.

టర్న్ బకిల్‌ని చివరిదాకా విప్పి పొడవు సరిపెట్టొద్దు. లోపల కనీసం ఆ రాడ్డు మందమంత మర పట్టుకుని ఉండాలి, మాన్యువల్ ఎక్కువ చెబితే అంతా ఉండాలి. చాలకపోతే మీ చెయిన్ పొట్టిదన్నమాట.

కొత్తగా నడుపుతున్న కుర్రాళ్ళు చెయిన్ "టక్ టక్"మంటోందని టెన్షన్ పడుతూ ఫోన్ చేస్తారు. నాగలి వేసినప్పుడు చెయిన్‌కి కాస్త వదులుంటుంది, ఆ చప్పుడు మామూలే, నిశ్చింతగా దున్నుకోండి. చప్పుడు చెయిన్ నుంచి కాకుండా బ్రాకెట్ దగ్గర నుంచి వస్తున్నా, బ్రాకెట్ అంచున ఎర్రటి తుప్పు పొడి రాలుతున్నా అప్పుడు ఆపండి. ఆ పొడి రెండు ముఖాలూ ఒరుసుకుంటున్నాయనడానికి గుర్తు, బోల్టు ఇంకా తెగకముందే దొరికినట్టు.

బోల్టు ఒక్కటే తెగిందని ఒక్కటే మార్చకండి. అది వదులై ఉన్నన్నాళ్ళూ దాని వంతు బరువు మోసింది పక్క బోల్టులే, వాటిలోనూ పగులు మొదలై ఉండొచ్చు, అది బయటికి కనపడదు. ఆ బ్రాకెట్‌కి ఎన్నుంటే అన్నీ ఒకేసారి మార్చండి.